పాలు పొంగిన ఇంట్లో ఎవరూ లేరట!

ఇల్లు కొనబోయే ప్రతి సంసారికీ నింపాదిగా లోనిచ్చే బ్యాంకే దొరకాలని నేను మనసారా దీవిస్తున్నాను.

నవ్వకండి. వారం తిరక్కుండా డబ్బిచ్చేసి, రిజిస్ట్రేషన్ చేయించేసి, తాళంచెవి చేతిలో పెట్టి "ఇక మీ ఖర్మ" అని పంపించేసే బ్యాంకు మీకు హితుడా? ఆలోచించుకునే వ్యవధి ఇవ్వకుండా సంతకం పెట్టించేవాణ్ణి మన పెద్దలేమన్నారు? ఏమీ అనలేదు. వాళ్ళ కాలంలో అంత తొందరగా లోనిచ్చినవాడు ఎవడూ లేడు!

నా పేరు పోలిరాజు. కలకత్తాలో ఖిదిర్‌పూర్ డాక్‌లో గుమస్తాగా పనిచేసి రిటైరయ్యాను. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఓడల్లోంచి బస్తాలు మోశాడు. మా నాన్న క్రేను నడిపాడు. నేను ఫైళ్ళు మోశాను. తరం తరానికీ బరువు తగ్గింది గాని క్వార్టరు మాత్రం తప్పలేదు. తలుపు మీద నంబరు వాళ్ళది, గోడకు సున్నం వాళ్ళది. గోడకు మేకు కొట్టాలంటే అర్జీ మాత్రం మనది.

అందుకే మా ఆవిడ రమాకుమారికి కాపురానికొచ్చిన నాటినుంచీ ఒకటే కోరిక. ఎవర్నీ అడక్కుండా గోడకి ఒక మేకు కొట్టాలి. నగలు అడగలేదు, పట్టుచీరలు అడగలేదు. మేకు అడిగింది. అది కొట్టడానికి ఒక సొంత గోడ కావాలి గదా, ఆ గోడే ఖరీదు!

రిటైరయ్యాక క్వార్టరు వానల లోగా ఖాళీ చేయమన్నారు. ఖిదిర్‌పూర్ బజారు వెనక సందులో, మూడో అంతస్తులో, రెండు గదుల ఫ్లాటు దొరికింది. వంటింటి కిటికీలోంచి డాక్ క్రేను కొస కనిపిస్తుంది. అమ్మేవారు హల్దార్ బాబు అని రిటైరైన బడిపంతులు. భార్యకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. ఈ ఫ్లాటు అమ్మితే బారాసాత్‌లో కింది అంతస్తు ఇల్లు కొనుక్కుంటారు. అంతవరకూ అక్కడే అద్దెకుంటున్నారు. అంటే మా లోను వస్తే రెండు సంసారాలు గట్టెక్కుతాయి, రాకపోతే రెండూ మునుగుతాయి. అంత ముఖ్యమైన పనిని మా బ్యాంకు తొందరపడి చేస్తుందా? చేయకూడదు కూడా!

మిగతా బ్యాంకుల సంగతి నాకు తెలియదు. మా బ్యాంకువారు మాత్రం కస్టమరు మేలుకోరి సొంతంగా ఒక డిస్‌క్లోజర్ నియమం పెట్టుకున్నారు. ఇంటి విలువ కట్టడానికి వాల్యుయర్ వచ్చి రిపోర్టు రాస్తాడు గదా, దాని కాపీ ఒకటి కస్టమరుకు ఇచ్చి తీరాలి. ఇచ్చాక కస్టమరు మూడు పనిదినాలు దాన్ని చదివి ఆలోచించుకోవాలి. ఆ తరవాతే సంతకం. రిపోర్టులో ఒక్క అక్షరం మారినా కొత్త కాపీ, కొత్త మూడు దినాలు.

ఇంతకుముందు ఏమయ్యేదో గుర్తుందా? వాల్యుయర్ ఫీజు మనం కట్టేవాళ్ళం, రిపోర్టు వాళ్ళ బీరువాలో ఉండేది. ఒకసారి చూపించమని అడిగితే పక్కింటివాళ్ళమ్మాయి జాతకం అడిగినట్టు చూసేవారు. ఇప్పుడు ఆ చీకటి రోజులు పోయాయి!

బ్యాంకులో మా ఫైలు చూసే ఆఫీసరు వంశీ కృష్ణ మనవాడే. కరీంనగర్ కుర్రవాడు, కలకత్తాకి వచ్చి ఎంతో కాలం కాలేదు. తెలుగు వినపడగానే ముఖం చేటంత చేసుకుని కుర్చీ వేయించాడు. అంత ఆలోచన నాకెందుకు బాబూ, ఇల్లు నేను చూశాను, మా ఆవిడ చూసింది, ఇవాళే సంతకం పెట్టేస్తానన్నాను.

"అట్ల కాదంకుల్," అన్నాడు అతను ఎంతో ప్రేమగా. "అది మీ హక్కు. మీరు వద్దన్నా మేం ఇయ్యాలె."

వద్దన్నా వదలని హక్కు! స్వాతంత్ర్యం వచ్చాక ఈ దేశంలో ఎన్నో హక్కులు చూశాను. అన్నీ అడిగితే గాని రానివే. ఇదొక్కటే వెంటపడి తరిమేది.

ఇంత మంచి నియమాన్ని బ్యాంకుకే ఎందుకు వదిలేయాలి? ఖిదిర్‌పూర్ చేపల బజారులో కూడా పెట్టాలంటాను. మీరు వెళ్ళి ఇలిష్ చేప, అంటే మన పులస, బేరమాడతారు. చేపలాయన దాని పొడవు, బరువు, మొప్పల రంగు, పుట్టిన నది, అన్నీ రాసిన రిపోర్టు చేతికిస్తాడు. మీరు ఇంటికెళ్ళి మూడు పనిదినాలు ఆలోచిస్తారు. తిరిగొచ్చేసరికి చేప గురించి మీకు తెలియనిదంటూ ఉండదు. పక్క సందులోవాళ్ళకి కూడా తెలిసిపోయి ఉంటుంది!

పెళ్ళిళ్ళలోనూ పెట్టాలి. తాళి కట్టేముందు పెళ్ళికొడుకు వాల్యుయేషన్ కాపీ పెళ్ళికూతురి చేతికివ్వాలి. గురక ఉంది, కోపం ఉంది, పొదుపు లేదు. మూడు దినాలు ఆలోచించుకోమ్మా అనాలి. ఈ మాట మా ఆవిడతో అంటే, అప్పట్లో అలాంటిది ఉంటే నా పరిస్థితి ఏమయ్యేదో చెప్పి లోపలికెళ్ళిపోయింది. ఆ వివరాలు డిస్‌క్లోజర్ కిందికి రావు.

పనిదినం అన్నాను గదా, కలకత్తాలో పనిదినం దొరకడం కూడా ఒక అదృష్టమే. శనివారం లెక్కకు రాదు. ఆదివారం ఎలాగూ రాదు. ఊరేగింపు ఉంటే బస్సులుండవు, పెద్ద వాన వస్తే రోడ్లుండవు, పెద్ద ఫుట్‌బాల్ మ్యాచి ఉంటే మనుషులే ఉండరు. మూడు పనిదినాలంటే మూడు దినాలే గదా అనుకునేవాడు ఈ ఊరికి కొత్తవాడన్నమాట.

ఇక అసలు కథ. రిపోర్టు ఇవ్వాలంటే ముందు వాల్యుయర్ రావాలి గదా? రేపొస్తాడు, ఎల్లుండొస్తాడు అంటున్నారు. ఈలోగా హౌరా అవతల లిలువా నుంచి మా పురోహితులు బ్రహ్మయ్య పంతులుగారు కబురుచేశారు. మూఢం వస్తోంది, అది దాటగానే ఆషాఢం, వచ్చే గురువారం తప్పితే ఇప్పట్లో గృహప్రవేశానికి ముహూర్తం లేదని. రమాకుమారి గుండె ఆగినంత పనయింది. మూఢంలో కొత్తింట అడుగుపెట్టడం మా వంశంలో లేదంది. మా వంశంలో కొత్తిల్లే లేదు, మూఢం దాకా ఎందుకు అన్నాను. వినలేదు.

హల్దార్ బాబుకి ఫోన్ చేసి చెప్పుకుంటే ఆయన నవ్వి, మాలోనూ ఉందయ్యా ఆ ఆచారం, పాలు పొంగించుకోండి, కాగితాలు వాటి తీరిక చూసుకుని వస్తాయన్నారు. తాళంచెవి పంపించారు. ఇంకా రిజిస్టరు కాని ఇంటి తాళం! రిపోర్టు చదవకుండా, మూడు దినాలు ఆలోచించకుండా! ఎంత అజాగ్రత్త మనిషో చూడండి.

మన చేతిలో పని మనం ఆపుతామా? గడపకు పసుపు రాశాం, కుంకుమ బొట్లు పెట్టాం. మామిడాకుల తోరణం కట్టాం. దిష్టికి బూడిదగుమ్మడికాయ తెచ్చి, గుమ్మం పైన హల్దార్ బాబు నిమ్మకాయలు కట్టుకునే పాత కొక్కేనికి వేలాడదీశాం. రమాకుమారి కొత్త గిన్నెలో పాలు పెట్టి, తూర్పువైపు పొంగాలని దణ్ణం పెట్టుకుంటోంది. పాలు పొంగాయి. సరిగ్గా అప్పుడే గుమ్మంలో వాల్యుయర్ నిలబడ్డాడు.

అన్ని వారాలు రానివాడు ముహూర్తం చూసుకుని వచ్చాడు! మన పంతులుగారికన్నా ఘటికుడు.

చిన్నవాడు, నెమ్మదస్తుడు. చేతిలో ఎర్రచుక్క పెట్టి గోడలు కొలిచే యంత్రం ఉంది. రమాకుమారి బెంగాలీలో రా నాయనా కూర్చోమని, పొంగిన పాలతో వండిన పరమాన్నం గిన్నెలో పెట్టిచ్చింది. తిన్నాడు. బాగుందన్నాడు. మరి కాస్త పెడితే అదీ తిన్నాడు. గోడల మీద చుక్కలు పెట్టి, ఫోటోలు తీసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. శుభం అనుకున్నాం.

రిపోర్టు కాపీ వచ్చింది. హక్కు గదా, చదువుకున్నాను. "ఇంటిలో విక్రేత కాని వ్యక్తులు ఉన్నారు. వంట జరుగుచున్నది. వారెవరో తెలియరాలేదు."

తెలియరాలేదట! పరమాన్నంలో జీడిపప్పు తెలిసింది, పెట్టిన మనిషి తెలియరాలేదు.

మూడు పనిదినాలు ఆలోచించాను. నియమం గదా, తప్పదు. ఆ తరవాత వెళ్ళి వంశీ కృష్ణతో ఆ వ్యక్తులు మేమేనయ్యా అని మొరపెట్టుకున్నాను. అతనికి అర్థమైంది, బాధపడ్డాడు కూడా. కానీ ఇంట్లో బయటివాళ్ళున్నారని రిపోర్టులో పడ్డాక, ఆ ఉన్నవాళ్ళు ఖాళీ చేస్తామని రాసిస్తే గాని ఫైలు కదలదట. ఇల్లు కొనేవాడి క్షేమం కోసమే ఈ ఏర్పాటు.

అంటే ఏమిటో గ్రహించారా? నేను కొనబోయే ఇంటిని నా భార్య ఖాళీ చేస్తానని నా బాగుకోరి నాకే రాసివ్వాలి! ఉండని ఇంటిని ఖాళీ చేయడం ఎలాగో ఆవిడ అడిగింది. రాయడం సులువేనని చెప్పాను. రాసింది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నా మాట విని చేసిన మొదటి పని అదే. ఇందుకైనా బ్యాంకుకి రుణపడి ఉండొద్దూ?

రెండో రిపోర్టు వచ్చింది. మనుషులు పోయారు గాని గుమ్మడికాయ దొరికింది. "ద్వారబంధము పైభాగమునకు బరువైన వస్తువు వేలాడుచున్నది. కట్టడము భద్రతపై నిపుణుని అభిప్రాయము తీసుకొనవలెను." మళ్ళీ మూడు దినాల ఆలోచన. బూడిదగుమ్మడికాయ గురించి జీవితంలో నేనింత లోతుగా ఎప్పుడూ ఆలోచించలేదు. చదువుకున్న ఇంజినీరు వచ్చి, దాన్ని చేత్తో ఊపి చూసి, ఇది గుమ్మడికాయ అని రాసిచ్చాడు. మూడో రిపోర్టు!

విసుగొచ్చి, నాకీ హక్కు వద్దు మహాప్రభో, వదులుకుంటానని రాసిస్తానన్నాను. వంశీ కృష్ణ సంతోషించాడు. అందుకూ వీలుందట. అయితే కస్టమరు హక్కు వదులుకోవచ్చునా లేదా అన్నది హెడ్డాఫీసులో లా డిపార్టుమెంటు చూడాలి. మూడు దినాలు తప్పించుకోవడానికి పెట్టిన అర్జీ, దాంతోపాటు మా ఫైలూ, నెల దాటినా అక్కడే పడుకున్నాయి. ఎంత శ్రద్ధగా చూస్తున్నారో!

వానలు వచ్చాయి. క్వార్టరుకు తాళం పడింది. సామాను మూటలు కట్టి టికియాపారాలో మా బావమరిది కామేష్ రైల్వే క్వార్టరులో దిగాం. వాళ్ళు నలుగురు, మేమిద్దరం, రెండు గదులు. లాభాలు చూడండి. గిన్నెలన్నీ మూటల్లో ఉన్నాయి గనక వంట ఒకే బాణలిలో, కూర బాగాలేదని సణిగే ప్రసక్తే లేదు. రైళ్ళ చప్పుడులో మాట వినపడదు గనక దెబ్బలాటలు లేవు. కామేష్ భార్య ముఖం రోజురోజుకీ ఒక మెట్టు ముడుచుకుంటోంది గనక మితంగా తినడం అలవాటైంది. బ్యాంకు పుణ్యమా అని నా షుగరు కూడా తగ్గింది.

హల్దార్ బాబు ప్రతి ఆదివారం ఫోన్ చేసేవారు. మొదట్లో లోను సంగతి అడిగేవారు. తరవాత మా ఆరోగ్యం అడిగారు. ఆ తరవాత వాన గురించే మాట్లాడి పెట్టేసేవారు. ఆ ఫ్లాటుకి చేతిలో డబ్బుతో మరొకాయన తిరుగుతున్నాడని సందులో పాన్ కొట్టువాడు చెప్పాడు. ఆ రాత్రి రమాకుమారి అన్నం తినలేదు. నాకూ సహించలేదు. భయమేసింది. ఇందులో హాస్యమేమీ లేదు.

ఈలోగా మూడో రిపోర్టుకు గడువు తీరిపోయింది. ఎక్కువ కాలం ఆలోచిస్తే రిపోర్టు పాతబడుతుందట. మళ్ళీ వాల్యుయర్ రావాలి. ఈసారి ఇల్లు ఖాళీగా ఉన్నట్టు కంటికి కనబడాలని, మనుషుల జాడ ఉండకూడదని వంశీ కృష్ణ మరీమరీ చెప్పాడు. వెళ్ళాం. ఎండిన తోరణం నేను విప్పాను. గుమ్మడికాయ దానంతటది రాలిపడేదాకా తీయకూడదు, తీశాను. గడప మీద పసుపు మాత్రం రమాకుమారి నన్ను ముట్టనివ్వలేదు. తనే కూర్చుని తడిగుడ్డతో తుడిచింది. పసుపు అంత తేలిగ్గా పోదు. చాలాసేపు తుడిచింది.

అదే కుర్రవాడు వచ్చాడు. ఈసారి ఫారంలో కొత్త గడి ఒకటి చేర్చారు. నా ఫిర్యాదు ఫలితమే, బ్యాంకువారు అంత మంచివాళ్ళు! ఇంట్లో ఎవరైనా కనిపిస్తే వాళ్ళెవరో అడిగి రాయాలి. కుర్రవాడు కలం తీసి, రమాకుమారి వైపు తిరిగి, ఎంతో మర్యాదగా కాకీమా, అంటే పిన్నిగారూ, అని పిలిచి, ఈ ఇంట్లో ఎవరుంటారని బెంగాలీలో అడిగాడు.

ఇన్ని నెలలుగా ఆవిడ ఎదురుచూసిన ప్రశ్న అది. ఒక్క మాట అడిగి ఉంటే అంతా చెప్పేదాన్ని గదా అని రోజూ గొణుక్కునేది. అడిగాడు. ఆవిడ గడప వైపు చూసింది.

"కేఉ నా," అంది. ఎవరూ లేరు.

రాసుకున్నాడు. గిన్నెలూ పరమాన్నమూ లేవు గనక వెంటనే వెళ్ళిపోయాడు. బస్సులో టికియాపారా వెళ్తున్నంతసేపూ ఆవిడ కిటికీలోంచి బయటికే చూసింది. హౌరా వంతెన దాటాక అంది:

"ఆ దినం మన పరమాన్నం తినీసి, ఒక్కమాట అడక్కుండా ఎల్లిపోనాడు. ఈ దినం అడిగినాడు, నేనున్నానని చెప్పడానికి లేకుండా అడిగినాడు. ఆల రూలు మనకి అన్నీ చెప్తాది గానీ, మనల్ని ఏటీ అడగదేటండి?"

టికియాపారా రాగానే దిగాం.

నాలుగో రిపోర్టు నిర్దోషంగా వచ్చింది. "ఇల్లు ఖాళీగా ఉన్నది. నివాసపు గుర్తులు ఏవియు లేవు." అదే మాకు లోను తెచ్చిపెట్టింది. రిజిస్ట్రేషన్ రోజున హల్దార్ బాబు భార్యను పట్టుకుని రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు మెల్లగా ఎక్కించి తీసుకొచ్చారు. సంతకాలయ్యాక నేనుండబట్టలేక అడిగాను. చేతిలో డబ్బుతో ఆ పెద్దమనిషి వచ్చినప్పుడు ఎందుకివ్వలేదు దాదా, మీకూ ఇంటి అవసరమే గదా అని.

ఆయన నన్ను వింతగా చూశారు.

"ఆ ఇంట్లో మీ పాలు పొంగాయి పోలిరాజు బాబూ. ఇంకొకరికి ఎలా అమ్ముతాను?"

మొదటి రిపోర్టులో లోపమని రాసిన సంగతే మాకు ఇల్లు నిలబెట్టింది! దానికి ఏ వాల్యుయర్ దగ్గరా గడి లేదు. కాపీ ఇచ్చినవాడు లేడు, ఆలోచించమని గడువు పెట్టినవాడూ లేడు.

సరే, ఇల్లు మనదైంది. మళ్ళీ పాలు పొంగిద్దామా, పంతులుగారిని పిలవనా అని రమాకుమారిని అడిగాను.

"ఒక ఇంట్లో ఎన్నిసార్లు పొంగిస్తారండీ? ఆ దినం ఈ ఇంట్లోకి వచ్చింది నేనే కదేటి?" అంది.

అని బజారుకెళ్ళి కొత్త బూడిదగుమ్మడికాయ తెచ్చింది. పాత కొక్కెం తుప్పుపట్టి ఊడిపోయింది. ద్వారబంధం కింద స్టూలేసుకుని ఎక్కింది. లోను ఒప్పందం కూడా బ్యాంకువారు నాకు పూర్తిగా డిస్‌క్లోజ్ చేశారు గనక, నేను కింద నిలబడి ఒక షరతు గట్టిగా చదివి వినిపించాను. బాకీ తీరేదాకా, అంటే నాకు డెబ్బై అయిదేళ్ళు వచ్చేదాకా, గోడలకు రంధ్రము చేయుటకు బ్యాంకువారి వ్రాతపూర్వకమైన అనుమతి అవసరము.

ఆవిడ అంతా విని, మేకులు నోట్లో పెట్టుకుని, చెయ్యి చాపి సుత్తి ఇమ్మంది.

ఇచ్చాను. ఈ సంగతి దయచేసి బ్యాంకులో ఎవరికీ డిస్‌క్లోజ్ చేయకండి.